నలభై నిమిషాల మనిషి

మూడో అంతస్తు, వంటగది బల్ల
ఫిబ్రవరి 3

వదినా,

విరిగింది ఎడమచెయ్యి, కాబట్టి నిన్ను తిట్టడానికి నాకు అడ్డేమీ లేదు. ఫోన్లో తిడదామంటే నీ ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే మోగుతుంది. చెవులు మందగించిన మా అన్నయ్య పక్కనే కూర్చుని "ఏంటీ, ఏమంటోంది?" అని అడ్డం పడతాడు. అందుకే ఉత్తరం. అదీ ఇంటికి కాదు, నీ కుట్టు షాపుకి. తీరిగ్గా చదువుకుని తీరిగ్గా సిగ్గుపడు.

నేను పనిచేసే ఆస్పత్రి మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. నాకున్నదల్లా ఒక అన్నయ్యా, ఒక వదినా. అన్నయ్య వచ్చి నాలుగు రోజులుండి, గిన్నెలు కడిగి, నా జడ కూడా అల్లడానికి ప్రయత్నించి, తాడు పేనినట్టు పేనిపెట్టి వెళ్ళాడు. వదిన బదులు మాత్రం మూడు చొక్కాలొచ్చాయి. ఎడమచెయ్యి కట్టు మీదుగా దూరేలా వెడల్పుగా కుట్టావు, ఒంటిచేత్తో పెట్టుకోవడానికి వీలుగా బొత్తాల బదులు నొక్కుడు బటన్లు వేశావు. వేసుకున్నప్పుడల్లా ఒళ్ళు మండుతోంది. ఇంత ఆలోచించిన మనిషికి బస్సెక్కడానికి ఏం రోగం?

తొమ్మిదేళ్ళయింది నువ్వు నా గడప తొక్కి. ఈ ఇంట్లో చేరి మూడేళ్ళు దాటింది, నీకు దీని కిటికీలు ఎటున్నాయో కూడా తెలియదు. ప్రతిసారీ ఒక వంక చెబుతావు. యూనిఫాంల సీజనంటావు, లేదంటే నడుం నొప్పంటావు. నేను ఆ డ్రాయింగ్ మాస్టారి సంబంధం వద్దన్నందుకు ఇంకా మనసులో పెట్టుకున్నావా? పదహారేళ్ళ కిందటి మాట అది. కోపముంటే నోరు విప్పి తిట్టు, పడతాను. ఈ మర్యాదే భరించలేకపోతున్నాను.

అన్నట్టు, అన్నయ్య ముక్కు ఆపరేషన్ బ్రహ్మాండంగా పనిచేసింది. పక్క గదిలోనే పడుకున్నాడు, నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా గురక వినలేదు. మరి నువ్వింకా ఆ కుట్టు మిషన్ల గదిలోనే పడుకుంటున్నావట, ఎందుకు?

నిజం రాయి.

చిట్టి

---

కుట్టు షాపు, కత్తిరింపు బల్ల
ఫిబ్రవరి 11

చిట్టితల్లీ,

నీ ఉత్తరం సంచిలో పెట్టుకుని వారం తిరిగాను. ఇప్పుడు అందరూ భోజనాలకి వెళ్ళారు. పన్నెండు పొరల గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర పక్కన పెట్టి రాస్తున్నాను. గీసిన చోట కత్తిరించడం నాకు వచ్చు, ఇలా రాయడమే రాదు.

నీ మీద నాకు కోపమా? పిచ్చి మొహమా. నీ మీద కోపం తెచ్చుకునే తీరిక కూడా నాకు లేదు.

మీ ఊరికి బస్సు నాలుగు గంటలు. నేను నలభై నిమిషాల మనిషిని. అంతకు మించి బాత్రూముకి దూరంగా ఉండలేను. విరేచనం ఆగదు చిట్టీ. రాసేశాను.

మా అమ్మాయి పుట్టినప్పుడు పట్టకారు వేసి లాగారు కదా, ఆ తర్వాత నుంచే కాస్త కాస్త ఉండేది. తొమ్మిదేళ్ళ కిందట బాగా ముదిరింది. ఒకరోజు బట్టల కొట్టులో నిలబడి థాన్లు చూస్తున్నాను. వాసనొచ్చింది. పక్కావిడ ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది. ఎవరబ్బా అని నేనూ చుట్టూ చూశాను. నేనే అని నాకే తెలియలేదు. కిందికి చూసుకున్నాక తెలిసింది. ఇంటికి నడిచొచ్చిన ఆ దారి ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పటి నుంచి నేవీ బ్లూ చీర తప్ప కట్టడం లేదు, మరక కనపడదని. షాపులో బాత్రూముకి దగ్గరున్న బల్ల కావాలని బొత్తాలు కుట్టే ఆవిడతో మార్చుకున్నాను, వెలుతురు బాగుంటుందని చెప్పి. మెత్తటి గుడ్డ నాలుగు మడతలు, కింద రెయిన్‌కోటు గుడ్డ ఒక పొర వేసి, నా ప్యాడ్లు నేనే కుట్టుకుంటాను. ఊళ్ళో పెళ్ళయినా చావైనా ముందు ఆ ఇంట్లో బాత్రూము ఎక్కడుందో ఆలోచిస్తాను. ఆలోచించాక సాధారణంగా మానేస్తాను. పొగరంటారు. అననీ.

మీ అన్నయ్య గురక ఒట్టి వంక. పక్క పాడైపోతుందని, ఆయనకి తెలిసిపోతుందని మిషన్ల గదిలోకి మారాను. గురకపెడుతున్నారని చెప్పాను. పాపం ఆయన ముక్కు కోయించుకున్నారు. కోయించుకుని వచ్చి, "ఇక రావచ్చు కదే" అన్నట్టు చూశారు. ఇంకా కాస్త వినిపిస్తోందన్నాను. ఆ అబద్ధం ఆడిన నోరు ఇప్పటికీ చేదుగానే ఉంది.

ఇలాంటివాళ్ళకి పరీక్ష చేసేది నువ్వేనని నాకు తెలుసు. తెలిసే నీకు చెప్పలేదు. రోజూ ఇదే చూస్తావు, ఇంక నన్నూ అదే కంటితో చూస్తావని. ఆయనకి చెప్పావంటే నా మీద ఒట్టే.

మీ వదిన

---

ఆస్పత్రి, పరీక్ష గది
మార్చి 2

వదినా,

ఇలాంటివాళ్ళను రోజుకి నలుగురిని చూస్తాను. టీచర్లొస్తారు, పోలీసావిడలొస్తారు, పాటలు పాడేవాళ్ళొస్తారు. తలుపు తీసి లోపలికొచ్చే ప్రతి మనిషీ "నాకొక్కదానికే" అంటుంది. నీ ఒక్కదానికే కాదు.

అసలు సంగతి చెబుతాను విను. అక్కడ గుండ్రంగా, రబ్బరు బ్యాండులా కండరం ఉంటుంది. దానికి రెండు వైపుల నుంచీ నరాలొస్తాయి. కాన్పులో కండరం చిరగొచ్చు, నరం సాగిపోయి మందగించొచ్చు, రెండూ జరగొచ్చు. ఏది పాడైందో తెలియకుండా వైద్యం లేదు. అందుకే పరీక్ష.

ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళు మడిచి పడుకోవాలి. దుప్పటి కప్పుతారు. పెన్సిలంత సన్నటి గొట్టం లోపలికి పెడతారు, దాని చివర చిన్న బెలూన్. ఊరికే ఉండమంటారు, బిగించమంటారు, దగ్గమంటారు. ఎంత బలంగా బిగించావో అంకె వస్తుంది. తర్వాత బెలూన్లోకి కొద్దికొద్దిగా గాలి ఎక్కిస్తూ, ఎప్పుడు తెలిసిందో చెప్పమంటారు. వీటిలో తేడా ఉంటేనే నరాల పరీక్షకి వెళ్తారు. గ్లవ్ వేలికి అంటించిన పట్టీతో చిన్న చురక లాంటి కరెంటు ఇచ్చి, నరం కండరానికి ఎంతసేపట్లో కబురందిస్తోందో కొలుస్తారు. వెంట్రుకంత సూది కండరంలో గుచ్చి, అది పనిచేసేటప్పటి శబ్దం వింటారు. కాగితం నలిపినట్టు వినిపిస్తుంది. నొప్పి దోమ కుట్టినంత.

నా దగ్గరికే రా. దారి సంగతి ఏదో ఒకటి చూద్దాం. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. రోగాల్లో ఇదొక రోగం.

అన్నయ్యకి చెప్పను.

చిట్టి

---

మిషన్ల గది
ఏప్రిల్ 9

చిట్టీ,

నీ ఉత్తరం ఆస్పత్రిలో గోడకి అంటించే కాగితంలా ఉంది. అన్నీ ఉన్నాయి, చిట్టి మాత్రం లేదు. "రోగాల్లో ఇదొక రోగం" అన్నావు. సరేలే, నేర్చుకున్న మాటలు అవే వస్తాయి మరి.

ఆడపడుచు ముందు ఆ బల్ల మీద పడుకోవడం నా వల్ల కాదు. అందుకని నీకు చెప్పకుండా ఇక్కడే, మా ఊరి ఆస్పత్రిలోనే చేయించుకున్నాను. నువ్వు చెప్పిన మిషనే. మీ పెద్ద డాక్టరే ఇక్కడికీ వారానికోసారి వస్తారట. పరీక్ష చేసిన పిల్ల బంగారం. జుట్టులో పెన్సిలు గుచ్చుకుని, "ఆంటీ, భయపడకండి" అంటూ నా మోచెయ్యి పట్టుకునే ఉంది.

ఇక విను. నార్మల్! రిపోర్టులో అచ్చులో రాసిచ్చారు. బిగింపు నార్మల్, స్పర్శ నార్మల్, నరాల పరీక్ష అవసరం లేదు. నెల రోజులు మిషన్ తొక్కుతూ కూడా బిగించడం ప్రాక్టీసు చేశాను తెలుసా? స్కూల్లో లెక్కల్లో ఎప్పుడూ పాసవ్వని దాన్ని, ఇందులో పాసయ్యాను! దారిలో స్వీట్లు కొనుక్కొచ్చాను. ఎందుకని మీ అన్నయ్య అడిగారు. ఊరికే అన్నాను.

మర్నాడు.

నిన్న ఇక్కడ ఆపి పడుకున్నాను. ఇవాళ పొద్దున షాపు మెట్లెక్కుతుండగా మళ్ళీ అయింది. కడుక్కుని, బట్టలు మార్చుకుని, బాత్రూములోనే స్టూలు మీద కూర్చుండిపోయాను. అన్నీ నార్మలైతే మరి ఇదేంటి చిట్టీ? జబ్బు అయితే మందుంటుంది. ఏమీ లేదంటే ఇక నా మనసుకే ఏదో అయిందన్నమాట. అశ్రద్ధన్నమాట. మా అత్తగారు, అదే మీ అమ్మ, బతికుండగా నన్ను అనేవారు గుర్తుందా, "శుభ్రం తెలియని మనిషి" అని? ఆవిడకి ఏం తెలుసో ఏమో.

రిపోర్టు జిరాక్స్, నేను నింపిన ప్రశ్నల కాగితంతో సహా పంపుతున్నాను. నీ దగ్గర పెట్టుకో. నాకు చూడబుద్ధి కావడం లేదు.

వదిన

---

ఆస్పత్రి, పరీక్ష గది
ఏప్రిల్ 16

వదినా,

నువ్వు అబద్ధం ఆడావు.

పది మిల్లీలీటర్లకే తెలిసిందని చెప్పావు. అది చెంచాడు గాలి. అంత చురుకైన స్పర్శ ఉన్న మనిషికి బట్టల కొట్టులో కిందికి చూసుకునేదాకా తెలియకుండా ఉండదు. ప్రశ్నల కాగితంలో "ఎన్నిసార్లు" అన్నచోట "ఎప్పుడైనా" అని గీత పెట్టావు. నాకు రాసిందేమో నలభై నిమిషాలకి మించి ఆగదని. వదినా, ఆ బల్ల మీద అబద్ధమాడితే మోసపోయేది నువ్వే. నరాల పరీక్ష దాకా వెళ్ళనివ్వకుండా నీ తలుపు నువ్వే మూసుకున్నావు.

మళ్ళీ వెళ్ళు. నిజం చెప్పు. ఏమీ తెలియకపోతే తెలియలేదని చెప్పు.

బిగింపు అంకె సంగతి నేను చూస్తాను.

చిట్టి

---

కుట్టు షాపు, కత్తిరింపు బల్ల
ఏప్రిల్ 27

చిట్టీ,

అవును, ఆడాను. ఆ పిల్ల "తెలియగానే చెప్పండి ఆంటీ" అంది. గాలి ఎక్కిస్తోంది. నాకేమీ తెలియడం లేదు. నా ముఖంలోకే చూస్తోంది. ఇంకా చెప్పకపోతే పాపం బాధపడుతుందేమో అనిపించి "ఆఁ" అన్నాను. "వెరీ గుడ్" అంది. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో! ఇక ఆగలేదు, ప్రతిదానికీ ఆఁ అన్నాను. ప్రశ్నల కాగితం నింపుతుంటే నా వెనకాల క్యూలో మా షాపుకి యూనిఫాం కొలతలిచ్చే నర్సు నిలబడి ఉంది. ఆమె కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. "రోజూ" అని ఎలా గీత పెట్టను?

నువ్వు అరిచినట్టు రాశావు, రాయి. కానీ మళ్ళీ వెళ్ళను. స్పర్శ విషయంలో అబద్ధమాడాను, ఒప్పుకుంటాను. బిగించింది మాత్రం నిజం. ప్రాణం పెట్టి బిగించాను. యాభై రెండు వచ్చింది. ఏ ఇబ్బందీ లేని ఆడవాళ్ళని కొలిస్తే అందరికంటే తక్కువ నలభై ఆరట, కనీసం అంత ఉండాలట, ఆరు ఎక్కువే ఉంది. ఆ నలభై ఆరు ఏ మహాతల్లిదో గానీ, ఆ బలంతోనే ఆవిడ హాయిగా ఊళ్ళు తిరుగుతోంది కదా. అంతకంటే ఎక్కువున్నా నాకు చేతకావడం లేదంటే లోపం కండరంలో ఉందా, నాలో ఉందా? నువ్వే చెప్పు.

ఇంక ఈ సంగతి రాయకు. నీ చెయ్యి ఎలా ఉంది?

వదిన

---

మూడో అంతస్తు, వంటగది బల్ల
మే 8

వదినా,

చెయ్యి అతుక్కుంది. నీ ఉత్తరం చదివాక నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఐదు కాగితాలు చించాను. ఇది ఆరోది.

ఆ మహాతల్లిని నేనే.

మొదటి నుంచీ చెబుతాను, మధ్యలో ఆపకుండా చదువు. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు చిన్న ఆపరేషన్ అయింది, పుండని చెప్పాను, గుర్తుందా? హాస్టల్ పక్క ఆస్పత్రిలో. పుండు మానింది, కండరం కొంత పోయింది. అప్పటి నుంచీ ఇదే బతుకు. నీకు తొమ్మిదేళ్ళుగా, నాకు పదిహేడేళ్ళుగా. డ్రాయింగ్ మాస్టారిని వద్దన్నది ఆయన మెల్లకన్ను వల్ల కాదు. ఆయన మంచివాడు. ఒకే గదిలో, ఒకే పక్క మీద ఒక మనిషి పక్కన ఉండటమంటే నాకు గుండె జారిపోయింది. నువ్వు తెచ్చిన సంబంధం కాదన్నానని నీ మనసు చివుక్కుమంది. మెల్లకన్నని చెప్పడం తేలిక, అదే చెప్పాను. మొన్న చెయ్యి విరిగింది కూడా జారి కాదు. మెట్ల మీద పరిగెత్తుతూ పడ్డాను. ఎందుకు పరిగెత్తానో నీకు చెప్పక్కర్లేదు.

ఈ ఉద్యోగంలో చేరింది కూడా, నాకేమైందో ఎవరినీ అడక్కుండా తెలుసుకోవచ్చని.

నాలుగేళ్ళ కిందట ఈ కొత్త మిషన్ వచ్చింది. ఎంత బిగింపు ఉంటే నార్మలో తేల్చాలంటే ఏ కష్టమూ లేనివాళ్ళని ముందు కొలవాలి. పెద్ద డాక్టరు స్టాఫులోనే పన్నెండుమంది ఆడవాళ్ళని పిలిచారు. అందరూ నవ్వుకుంటూ క్యూలో నిలబడ్డారు. నేను రానంటే ఎందుకంటారు. అదీ పరీక్ష చేసేదాన్ని నేనే అయ్యుండి! నాకూ ప్రశ్నల కాగితమిచ్చారు. ఆపరేషన్ అయిందా, లేదు. ఎప్పుడైనా ఆగకపోవడం ఉందా, లేదు. నీ వెనక నర్సు ఉన్నట్టే నా వెనకా పదకొండుమంది ఉన్నారు. నా అంకె నలభై ఆరు. డాక్టరు చూసి, "నీది తక్కువేనమ్మా, అయినా ఇబ్బందేమీ లేదన్నావుగా, మనుషులు రకరకాలు" అని పట్టికలో వేసేశారు. నా తర్వాత అందరికంటే తక్కువ అంకె ఎనభై ఒకటి. నేను నిజం చెప్పుంటే కనీస బలం ఎనభై ఒకటయ్యేది. నీ యాభై రెండు చూసి ఆ పిల్ల ఉలిక్కిపడి ఉండేది, అదే రోజు నరాల పరీక్షకి పంపేది. ఆ పట్టికే మీ ఊరికీ వచ్చింది.

నీ రిపోర్టు చూడగానే తెలిసింది. "నేను చూస్తాను" అని రాసి ఊరుకున్నాను. నిన్ను అబద్ధమాడావని కేకలేశాను కూడా. అది రాసిన చెయ్యి ఇదే.

రిజిస్టరు తీసి లెక్కపెట్టాను. నలభై ఆరుకీ ఎనభై ఒకటికీ మధ్య వచ్చినవాళ్ళు ముప్ఫై ఏడుమంది. నార్మలని నా చేత్తోనే కాగితాలిచ్చి పంపించాను. పోయినేడాది ఒక సంగీతం టీచరు ఆ కాగితం చదువుకుని, "అయితే నాకు పిచ్చా అమ్మా?" అని మెల్లగా అడిగింది. కాదండీ అన్నాను. తర్వాతి పేరు పిలిచాను.

పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అందరూ నాకు చెప్పుకుంటారు. నేను ఇంటికొచ్చి తలుపేసుకుంటాను. మూడు వీధులవతల, నా ముఖం తెలియని కొట్లో ప్యాడ్లు కొనుక్కుంటాను. ఈ ఇంట్లో కిటికీలు ఎటున్నాయో నీకు తెలియదని తిట్టాను కదా, ఆ నాలుగు రోజులున్న అన్నయ్యకి తప్ప ఎవరికీ తెలియదు. ఇంకెవరినీ రానివ్వలేదు.

లోపం నీలో లేదు వదినా. ఆ మాట చెప్పడానికే ఇదంతా.

చిట్టి

---

మిషన్ల గది
జూన్ 14

చిట్టీ,

నెల దాటింది, కావాలనే రాయలేదు. చదివిన రోజు ఒళ్ళు మండిపోయింది. స్టూలు మీద కూర్చుని నా మనసుకే తెగులని ఏడ్చిన ఆ రోజులు ఎవరిస్తారు నాకు? ఉత్తరం చింపి పారేద్దామనుకున్నాను. తర్వాత ఆ మూడు చొక్కాలు గుర్తొచ్చాయి. నీ చేతి కొలత అడక్కుండా కుట్టగలిగిన దాన్ని, పదిహేడేళ్ళలో నీ ముఖం చూసి ఒక్క ముక్క పసిగట్టలేకపోయాను. ఇక నిన్నేమనను?

అయినా అంటాను. నన్ను క్షమించమని నువ్వు అడగలేదు, బాగానే చేశావు. నేనొక్కదాన్ని క్షమిస్తే ఆ ముప్ఫై ఏడుమంది సంగతేంటి? ఆ టీచరమ్మ ఇంకా తనకి పిచ్చనే అనుకుంటోంది. వెళ్ళి మీ డాక్టరుకి చెప్పు. నీ అంకె తీయించు. అది అయ్యాకే నాకు రాయి. అప్పటిదాకా నీ ఉత్తరం వస్తే విప్పను.

నీకు చెప్పమని ఆర్డరు వేసి నేను నోరు మూసుకుని కూర్చోవడం బాగుండదని, మీ అన్నయ్యకి చెప్పాను. నా సంగతే చెప్పాను, నీది చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం పేపరు చదువుతున్నారు. ఎదురుగా కూర్చుని, కాస్త గట్టిగానే చెప్పాల్సి వచ్చింది, ఆయన చెవులకి. ఇలాంటి మాట అరిచి చెప్పడమంటే ఎలా ఉంటుందో ఊహించుకో. పేపరు మడిచారు. ఏమన్నారో తెలుసా?

"అయితే నా గురక కాదా?"

కాదన్నాను.

"నేనంటే అసహ్యమేమో అనుకున్నానే. ముక్కు కూడా కోయించుకున్నాను కదే!"

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను. ఈయన తొమ్మిదేళ్ళు ఆ గదిలో ఒక్కరే పడుకుని తన ముక్కుని తిట్టుకున్నారు. నేను ఈ గదిలో నన్ను తిట్టుకున్నాను. మధ్యలో ఒక్క గోడే. ఆయన లేచి వచ్చి నా పరుపు చుట్టి భుజాన వేసుకున్నారు. వద్దండీ, పక్క పాడవుతుందన్నాను. "రబ్బరు షీటు వేసుకుందాం. పిల్ల పుట్టినప్పుడు వేసుకోలేదా?" అన్నారు. అంతే. అంత చిన్న మాటకి తొమ్మిదేళ్ళు పట్టింది.

వచ్చే వారం మళ్ళీ పరీక్షకి వెళ్తున్నాను. ఆయన బయట బెంచీ మీద కూర్చుంటానన్నారు.

నీ వంతు నువ్వు కానివ్వు.

వదిన

---

ఆస్పత్రి, రికార్డు గది
జూన్ 30

వదినా,

చెప్పేశాను. విప్పి చదువుతావని కవరు మీద కూడా ఆ మాటే రాశాను.

తలుపు దగ్గరే నిలబడి చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నేను తిట్లకి సిద్ధపడ్డాను. ఆయన తిట్టలేదు. "ఇన్నేళ్ళూ నా కళ్ళెదుట తిరిగావు కదమ్మా" అన్నారు. తిడితేనే బాగుండేది.

పట్టిక మార్చారు. మీ ఊరికీ పంపారు. ముప్ఫై ఏడుమందికీ, మీ ఊళ్ళో ఇంకో తొమ్మిదిమందికీ మళ్ళీ రమ్మని ఉత్తరాలు వెళ్ళాయి. కవర్ల మీద అడ్రసులు నేనే రాస్తానని అడిగి తీసుకున్నాను. సంగీతం టీచరుది మొదట రాశాను. పరీక్ష గదిలో నన్ను ప్రస్తుతానికి ఉంచలేదు, ఈ రికార్డుల మధ్య కూర్చోబెట్టారు. తప్పేమీ లేదు. ఇక్కడ మాట్లాడేవాళ్ళెవరూ లేరు, అదే కష్టంగా ఉంది. భోజనాల దగ్గర నేను రాగానే గొంతులు తగ్గుతాయి. వాళ్ళకి ఏం మాట్లాడాలో తెలియదంతే.

నాకూ పూర్తి పరీక్ష రాశారు, నరాలకీ కండరానికీ. జూలై ఇరవై, శనివారం మధ్యాహ్నం. చేసేది నేను పని నేర్పిన పిల్లే. ఆ బల్ల మీద వందలమందిని పడుకోబెట్టి దుప్పటి కప్పాను, దోమ కుట్టినంతే అని చెప్పాను. వదినా, నాకు చాలా భయంగా ఉంది. వాళ్ళందరి వెంటా ఎవరో ఒకరు వచ్చి బయట బెంచీ మీద కూర్చునేవాళ్ళు. ఎవరూ లేకుండా వచ్చినవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి ఎక్కువసేపు తీసుకునేవాళ్ళు. ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది.

నువ్వు రాలేవని తెలుసు. అడగడం లేదు. తారీకు ఊరికే రాశాను.

చిట్టి

---

కుట్టు షాపు, కత్తిరింపు బల్ల
జూలై 11

చిట్టితల్లీ,

నా సంగతి ముందు చెప్పేస్తాను. ఈసారి మా ఊరి పెన్సిలు పిల్ల "తెలిసిందా ఆంటీ" అని అడిగినప్పుడల్లా లేదమ్మా, లేదమ్మా అన్నాను. తొంభై మిల్లీలీటర్ల దాకా లేదే. "వెరీ గుడ్" అనలేదు గానీ, నా మోచెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. నరాల పరీక్షా చేశారు. కుడివైపు నరం బాగానే ఉంది, ఎడమవైపుది ఆలస్యంగా కబురందిస్తోందట. ముందువైపు కండరం విడిపోయి ఉంది, కాన్పు నాటిదే. స్కాన్ తీసి తెరమీద చూపించారు, కుట్టు విడిన నడుం పట్టీలా ఉంది. సూది గుచ్చినప్పటి శబ్దం విన్నాను. నువ్వన్నట్టు కాగితం నలిపినట్టే. దోమ అన్నావు చూడు, అది మాత్రం అబద్ధం. కందిరీగ.

మూడు నెలలు పరీక్ష మిషన్లో అంకె చూస్తూ బిగించడం నేర్పుతారట. నేను ఇన్నాళ్ళూ పొట్ట బిగించానట, కావలసింది బిగించలేదట! ఆ తర్వాత నరానికి చిన్న కరెంటు పరికరం సంగతి ఆలోచిస్తామన్నారు. పూర్తిగా పోతుందని చెప్పలేదు. నేనూ అడగలేదు. నా ఒంట్లో ఎక్కడ చిరిగిందో తెలిసింది, అశ్రద్ధ కాదని తెలిసింది, ఇప్పటికి అది చాలు. మీ అన్నయ్య బయట బెంచీ మీద కూర్చుని, డాక్టరు చెప్పిందంతా సరిగ్గా వినపడక, దారంతా నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

ఇక ఇరవయ్యో తారీకు. ఊరికే రాశావా? నీ మొహం.

నేను నలభై నిమిషాల మనిషినే, ఇంకా. నాలుగు గంటల బస్సు నేనెక్కలేను. కానీ నలభై నిమిషాల బస్సులు ఆరు ఎక్కగలను. మీ అన్నయ్య మ్యాప్ ముందేసుకుని, బస్టాండుకి వెళ్ళి కండక్టర్ల ప్రాణాలు తోడి, దారిలో ఉన్న ఐదు ఊళ్ళలోనూ బాత్రూములు ఎక్కడున్నాయో రాసుకొచ్చారు. రెండో ఊళ్ళోది బాగుండదట, అక్కడ మందుల షాపావిడతో మాట్లాడి పెట్టారు. ఆయన కూడా వస్తానన్నారు, నేనే వద్దన్నాను. నీ సంగతి ఆయనకి చెప్పాలో వద్దో నువ్వే తేల్చుకోవాలి. చెబితే పరుపు మోసే మనిషి, భయపడకు.

ఆస్పత్రి గౌన్లు వెనక తెరుచుకుని ఉంటాయి కదా, నీకోసం పక్కన తెరుచుకునేది ఒకటి కుట్టాను. కొలతలు అడగలేదు, నాకు తెలుసు. ప్యాడ్లు డజను కుట్టాను, ఆరు నీకు, ఆరు నాకు. ఉతికినప్పుడు కలిసిపోకుండా నీ వాటికి అంచు ఎర్రదారంతో వేశాను. ఆ మూడు వీధులవతలి కొట్టుకి ఇక వెళ్ళకు.

పొద్దున ఆరింటికి మొదటి బస్సెక్కుతాను. ఆరో బస్సు పన్నెండుకి మీ ఊరొస్తుంది. బస్టాండు గేటు దగ్గరే నిలబడు. నేను దిగగానే కావిలించుకోవడం, ఏడవడం లాంటివేమీ పెట్టుకోకు. ముందు బాత్రూము ఎటో చూపించు.

మీ వదిన